ఒక్కరే నవ్విన ఆట

“ఇది ఎన్నడూ మాట్లాడకపోతే ఎట్ల బాపూ?”

సింధూజ ఈ మాట నోరు తెరిచి అనడం అదే మొదలు. ఆమె బిడ్డ సహస్రకు అప్పటికి మూడేళ్ల రెండు నెలలు. సిరిసిల్లలోని తాత ఇంటి గడప మీద కూర్చుని, తాత చెప్పు పట్టీ ఊడదీసి పెడుతూ, పెట్టింది మళ్లీ ఊడదీస్తూ ఉంది. దానికి అమ్మ అనడం రాదు, నీళ్లు అనడం రాదు. ఆకలైతే ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోతుంది. అంతకుమించి దాని మనసులో ఏముందో ఎవరికీ తెలియదు.

సింధూజ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. ఉండేది కోరుట్లలో. రోజూ బస్సెక్కి జగిత్యాల పోయి, అక్కడొక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. కొలిస్తే తప్ప దేన్నీ నమ్మని మనిషి. అందుకని బిడ్డ మాటలనూ కొలవడానికి దిగింది. ఏ నెలకు ఎన్ని మాటలు రావాలి, ఎన్ని వచ్చాయి అని నోటు పుస్తకంలో గడులు గీసింది. రావలసిన గడిలో యాభై, రెండు వందలు, ఐదు వందలు. వచ్చిన గడిలో అన్నీ సున్నలే. చెవుల పరీక్ష చేయిస్తే బాగానే వినిపిస్తోందన్నారు. కరీంనగర్‌లో మాటలు నేర్పే మేడమ్ దగ్గరికి నెలకు రెండుసార్లు తీసుకుపోతున్నారు. ఆమె ఇచ్చిన బొమ్మల కార్డులు రెండు పూటలా ముందు పెట్టుకుని “ఆవు అను, బస్సు అను, బంతి అను” అని అడిగి అడిగి సింధూజ గొంతు బొంగురుపోయింది. భర్త రమేశ్ మాత్రం “మా చిన్నాయనకు గూడ ఐదేండ్లకు అచ్చినయట మాటలు” అని ధైర్యం చెబుతూ వచ్చాడు. సింధూజ ఫోన్ చేసి ఆ చిన్నాయన తల్లినే అడిగి కనుక్కుంది. ఆయనకు రెండేళ్లకే వచ్చాయట.

ఇక ఆమెకు మిగిలిన ఆశ తండ్రి సాంబయ్య ఒక్కడే. సిరిసిల్ల నుంచి కోరుట్ల దాకా, కోరుట్ల నుంచి జగిత్యాల దాకా, ఆయన స్టేజీ ఎక్కితే నవ్వని ఊరు లేదు.

“లోకాన్నంత నవ్విచ్చినవు. నీ మనుమరాలితోని ఒక్క మాట అనిపియ్యరాదా?” అంది. “ఒక్కసారి దాని ముందట ఆడి సూపియ్యి బాపూ.”

సాంబయ్య సహస్ర వైపు చూశాడు. లేచి, దండెం మీది తువ్వాల భుజాన వేసుకుని, “డూటీకి ఆల్సమైతున్నది” అని బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆదివారం. డ్యూటీ లేదు.

సాంబయ్యది పద్మశాలి ఇల్లు. తండ్రి చేతిమగ్గం నేశాడు. సాంబయ్యకు పదిహేనేళ్లు వచ్చేసరికి చేతిమగ్గం పని పోయింది. అందరిలాగే ఆయనా మరమగ్గాల షెడ్డులో చేరాడు. సిరిసిల్లలో వాటిని సాంచాలంటారు. ఒక్క షెడ్డులో ఇరవై సాంచాలు నడుస్తుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. పన్నెండు గంటలు ఆ చప్పుడులో నిలబడే మనుషులు కళ్లతో, చేతులతో మాట్లాడుకోవడం అలవాటు చేసుకుంటారు. చాయ్ వచ్చిందనీ, దారం తెగిందనీ, సేటు వస్తున్నాడనీ, అన్నిటికీ సైగలే.

సాంబయ్య ఆ సైగలతోనే షెడ్డునంతా ఆడించేవాడు. సేటు ముందు నడుస్తుంటే, తను వెనకాల నడుస్తూ ఆయన పొట్ట ఎట్లా ఊగుతుందో చూపేవాడు. సాంచ ఆగగానే భూమయ్య అనే ముసలి కార్మికుడు దేవుణ్ణి తలుచుకోవాలా, సేటును తిట్టాలా అని తేల్చుకోలేక పెట్టే మొఖం పెట్టేవాడు. అంత చప్పుడులో నవ్వు వినపడదు కదా, మరి వాళ్లు నవ్వుతున్నట్టు నీకెట్లా తెలిసేదని చిన్నప్పుడు సింధూజ అడిగింది.

“నోరు సూడద్దు బిడ్డా. భుజాలు సూడాలె” అన్నాడు సాంబయ్య. “నవ్వొస్తే భుజాలు ఆగయి.”

ఆయన మొదటిసారి స్టేజీ మీదికి రావడం కూడా అనుకోకుండా జరిగిందే. మార్కండేయ జయంతి నాడు కులసంఘం వాళ్లు నాటకం వేశారు. సాంబయ్య పని తెర తాడు లాగడం. రెండో రంగంలో రాజు వేషం వేసినాయన మాటలన్నీ మరిచిపోయి, సింహాసనం మీద గుడ్లప్పగించి కూర్చున్నాడు. జనం ఈలలు మొదలుపెట్టారు. సాంబయ్య తాడు వదిలేసి, లుంగీ మీదే, చెవిన పెన్సిల్‌తో లోపలికి వచ్చాడు.

“రాజా, జర లేవుండ్రి. గీ కుర్సీ టెంట్ హౌసోళ్లది. ఇంకో ఫంక్షన్ ఉన్నదట, తెమ్మన్నరు.”

రాజు వణుకుతూ, “మేము ఈ రాజ్యానికి రాజులము” అన్నాడు. ఆయనకు గుర్తున్నది అదొక్కటే.

“రాజులే గనీ, నేను రాజ్యం అడుగుతున్ననా? రాజ్యం మీరే ఉంచుకోండ్రి. కుర్సీ ఇయ్యుండ్రి.”

“మేము రాజులము!”

“మరి రాజులైతే నిలవడి పాలించుండ్రి. మా షెడ్డుల మేం పన్నెండు గంటలు నిలవడుతలేమా?”

జనం పడీ పడీ నవ్వారు. ఆ సందులో రాజుకు మాటలు గుర్తొచ్చాయి. ఆ తర్వాత మూడేళ్లు ఏ నాటకం వేసినా టెంట్ హౌస్ మనిషి ఉండాల్సిందే అయింది. రాముడి నాటకంలో కూడా వచ్చి వెళ్లాడు.

రాసిచ్చిన మాట మాత్రం ఆయన నోట్లో నిలిచేది కాదు. ఒకసారి హైదరాబాద్‌లో సినిమాకు పిలిచారు. పెళ్లి భోజనాల దగ్గర ఒకే ఒక్క మాట చెప్పాలి. ఆరుసార్లు తీస్తే ఆరు రకాలుగా చెప్పాడు. ఏడోసారి అవసరం లేకుండా చేతిలో బిర్యానీ పొట్లం పెట్టి పంపించేశారు. “బిర్యాని మాత్రం మంచిగుండె” అని భార్య రాధమ్మకు చెప్పాడు. ఆమె బీడీలు చుడుతూ తలెత్తకుండానే, “నాకెందుకు తేలేదు మరి?” అంది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో జగిత్యాలకు చెందిన మధు అనే గాయకుడు ధూంధాం బృందం కట్టాడు. పాటకూ పాటకూ నడుమ గాయకులు నీళ్లు తాగడానికి పది నిమిషాలు సాంబయ్యకిచ్చాడు. కొన్నాళ్లకు ఆ పది నలభై అయ్యాయి. రాష్ట్రం వచ్చాక ఉద్యమ సభలు పోయి గణపతి మండపాలు, పెళ్లిళ్లు మిగిలాయి. మధు ఒక యూట్యూబ్ చానెల్ కూడా పెట్టాడు. అందులో పెళ్లికార్డులో తన పేరు చిన్న అక్షరాల్లో పడిందని అలిగి వేపచెట్టు కింద కూర్చునే మామగా సాంబయ్య ఊరూరా తెలిసిపోయాడు. జగిత్యాల బస్టాండులో కండక్టర్లు “అలిగిన మామా, జర ముందటికి జరుగు” అనేవాళ్లు. అంత పేరున్నా పగలు సాంచాల పని మానలేదు. సీజన్ అయిపోతే యూట్యూబ్ అన్నం పెట్టదని ఆయనకు తెలుసు.

ఆయన పనికి ఒక పద్ధతి ఉండేది. ఆట ఏడింటికైతే నాలుగింటికే ఆ ఊరు చేరేవాడు. చాయ్ హోటల్, కటింగ్ షాపు, కిరాణా దుకాణం తిరిగి, ఎవరు ట్రాక్టర్ కొన్నారో, ఎవరింటికి అల్లుడొచ్చాడో, ఎవరు దుబాయ్ నుంచి దిగుతున్నారో వినేవాడు. చీకటి పడ్డాక స్టేజీ ఎక్కి వాళ్ల పేర్లతోనే వాళ్ల ముందు కథ అల్లేవాడు. రోగాల మీద, చావుల మీద, పిల్లలు లేని వాళ్ల మీద ఒక్క మాట అనేవాడు కాదు. మంచి జరిగిన ఇళ్లనే ఏరుకునేవాడు.

మూడేళ్ల కిందట ఒక గణపతి పండుగ తర్వాత అవన్నీ ఆగిపోయాయి. మోకాళ్ల నొప్పులని రాధమ్మ చెప్పింది. సింధూజకు అప్పుడు ఎనిమిదో నెల. నమ్మింది. మధు కొన్నాళ్లు ఫోన్లు చేసి, తర్వాత వేరే మామను పెట్టుకున్నాడు. ఆ మామ రాసిచ్చినట్టే చెబుతాడు. జనం ఆయనకూ నవ్వుతున్నారు.

మరుసటి ఆదివారం సింధూజ మళ్లీ వచ్చింది. సహస్రను తండ్రి ముందు కూర్చోబెట్టి, “నువ్వు చెయ్యకుంటే నేను ఈన్నుంచి లేవ బాపూ” అంది. రాధమ్మ కూడా, “పోరి గంత అడుగుతున్నది. జర చెయ్యరాదు, నీ సొమ్మేం పోతది?” అంది.

సాంబయ్య తువ్వాల తలకు చుట్టుకుని, అలిగిన మామ అయ్యాడు. మూతి ముడిచాడు. లేని చాయ్ గ్లాసును విసిరికొట్టి, మళ్లీ తనే పోయి ఏరుకొచ్చి, అందులో మిగిలిన బొట్టు తాగాడు. సింధూజకు తెలియకుండానే నవ్వొచ్చింది. సహస్ర కాసేపు చూసింది. చూసి, మెల్లగా గోడ వైపు తిరిగిపోయింది. దాని చిన్న భుజాలు కదలడం మొదలైంది.

“నవ్వుతున్నది బాపూ! ఆపకు, ఇంకోటి చెయ్యి!”

సాంబయ్య చెయ్యెత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. గబగబా పోయి గోడకూ పాపకూ నడుమ తల వంచి చూశాడు. పాప నవ్వడం లేదు. చప్పుడు లేకుండా ఏడుస్తోంది. రెండు చెవులూ మూసుకుంది.

తువ్వాల విప్పి ఆయన పాప పక్కనే కూలబడ్డాడు. సింధూజ వచ్చి ఎత్తుకోబోతే చేత్తో వద్దన్నాడు. పాప ఏడుపు దానంతట అది ఆగేదాకా ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత, మూడేళ్లుగా భార్యకు తప్ప ఎవరికీ చెప్పనిది, గోడ వైపే చూస్తూ కూతురికి చెప్పాడు.

ఆ రోజు గణపతి నవరాత్రుల్లో ఏడో రోజు. రాయికల్ దిక్కు ఒక పల్లె. అలవాటు ప్రకారం సాంబయ్య సాయంత్రమే పోయి కిరాణా దుకాణం ముందు బల్ల మీద కూర్చున్నాడు. చక్కెరకు వచ్చిన ఒక పడుచు ఆయన్ను చూసి ఆగింది. పేరు రచన.

“నువ్వు అలిగిన మామవు గదా కాకా?”

“అవును బిడ్డా. ఇయ్యాలైతే ఇంక అలుగలే. చాయ మంచిగ పోసిండ్రు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “నీ వీడియోలు మా ఆయన దుబాయ్‌ల సూసి నాకు పంపుతడు. గురువారం అస్తున్నడు.”

“మంచిదాయె. పేరేంది? పొయ్యి ఎన్నేండ్లాయె?”

“మహేందర్. రెండేండ్ల నాలుగు నెలలు. ఫోన్ కింద పడి పలిగిందట, వారం నుంచి మాట్లాడుతలేడు. లీవు దొరికిందని వాళ్ల దోస్తు చెప్పిండు.”

దుకాణదారు చక్కెరకు బదులు ఉప్పు పొట్లం కట్టిచ్చాడు. ఆమె తిరిగి ఇస్తే రెండోసారి కూడా ఉప్పే కట్టాడు. సాంబయ్య అది చూశాడు. మతిమరుపు మనిషి, రాత్రికి ఒక నవ్వు దొరికిందనుకున్నాడు.

మహేందర్ చనిపోయి అప్పటికి ఆరు రోజులు. నిద్రలోనే గుండె ఆగింది. శవం గురువారం వస్తుంది. ఊరంతా ఎరుక, రచనకు తప్ప. గల్ఫ్ చావుల్లో ఈ పల్లెలన్నీ చేసే పని అదే. శవం గడప ముందుకు వచ్చేదాకా భార్యకు చెప్పరు. ముందే తెలిస్తే అన్ని రోజులు ఆమెను బతికించుకోవడం ఎట్లాగని భయం. గణపతి దగ్గర ఆట ఆపితే అనుమానం వస్తుందని ఆట కూడా ఆపలేదు. బయటినుంచి వచ్చి పాడి పోయేవాళ్లకు ఎందుకు చెప్పడమని, మధు వాళ్లకూ చెప్పలేదు. తొందరగా ముగించమని మాత్రం అన్నారు.

సాంబయ్య స్టేజీ ఎక్కగానే మహేందర్‌ను అందుకున్నాడు. దుబాయ్ నుంచి దిగినవాడు ఇంటికి తోవ మరిచి పక్కింటి తలుపు కొట్టినట్టు చేశాడు. అత్తరు ఎక్కువ కొట్టుకుంటే సొంత కుక్కే గుర్తుపట్టక మొరిగినట్టు చేశాడు. రచన ముందు వరుసలో కూర్చుని పకపకా నవ్వుతోంది. మిగతా జనం నుంచి చప్పుడు లేదు. లైట్ల వెలుగులో సాంబయ్య వాళ్ల భుజాలు చూశాడు. కదులుతున్నాయి. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఒరిగిపోతున్నారు. షెడ్డులో నలభై ఏళ్లుగా చూసిన నవ్వే అనుకున్నాడు. ఇంత నవ్వు ఏ ఊళ్లోనూ రాలేదనుకుని, ఇంకా పెంచాడు.

“మహేందర్ తెచ్చిన సామాను బగ్గ బరువున్నది. నలుగురు పోరగాండ్లు రాండ్రి, కారుల నుంచి దించుదాం.”

ఒక్కరూ లేవలేదు.

“ఏందిరా బై, దుబాయ్ సామాను అంటె ఉరికొస్తరనుకున్న. సిగ్గా?” అని, కిందికి వంగి ముందున్న ఒకతని చెయ్యి పట్టి లాగాడు. ఆ చెయ్యి వణుకుతోంది. స్టేజీ భయమనుకున్నాడు. అతను మహేందర్ తమ్ముడు. చెయ్యి విడిపించుకుని మండపం వెనక్కి పరుగెత్తాడు. “చూసిండ్రా, అన్న సామాను మొయ్యాలంటె తమ్మునికి నడుం నొప్పి లేసింది!” అని ముందు వరుసలోంచి రచనే అందించింది. అందరికంటే గట్టిగా ఆమే నవ్వింది.

అప్పుడు దేవవ్వ అనే ముసలామె మెట్లెక్కి వచ్చింది. మహేందర్ తల్లి. మైకు మీద అరచెయ్యి మూసి, సాంబయ్య చెవిలో, “సాలు నాయినా. వాడు లేడు” అంది. చెయ్యి తీసి, కోడలికి వినపడేలా గట్టిగా, “ఇగ పాట వెయ్యుండ్రి, నాకు పాట గావాలె” అంది. మధు పాట అందుకున్నాడు. దేవవ్వ పోయి కోడలి పక్కన కూర్చుంది.

గురువారం సాంబయ్య ఒక్కడే బస్సెక్కి ఆ ఊరు పోయాడు. ఎందుకు పోయాడో ఆయనకే తెలియదు. గుంపు చివర నిలబడ్డాడు. అంతమందిలోనూ రచన ఆయన్ను చూసింది. అరవలేదు, తిట్టలేదు.

“గా దినం నీకు ఎరుకేనా కాకా?” అని అడిగింది.

“లేదు బిడ్డా. ఒట్టు, లేదు.”

“ఊరంతటికి ఎరుక. నీకొక్కనికే ఎరుక లేదా?”

మొఖం తిప్పుకుంది. ఆయన మాట ఆమె నమ్మలేదు. నమ్మించడానికి ఆయన దగ్గర ఇంకో మాట లేదు. ఎంత పెద్ద సభలోనైనా మాట వెతుక్కోవలసిన అవసరం రాని మనిషి, ఆ ఊరి నుంచి బస్సు దొరికేదాకా రోడ్డు మీద నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆ నోరు తర్వాత పెద్దగా తెరుచుకోలేదు.

“నువ్వు కడుపుతోని ఉంటివి, గందుకే నీకు చెప్పలే” అంది రాధమ్మ.

సింధూజ అడిగింది మాత్రం తన బిడ్డ సంగతే.

“మరి నేనేం చెయ్యాలె బాపూ? అది నవ్వుతున్నదో ఏడుస్తున్నదో నాకే తెల్వకపాయె.”

“తెల్వనప్పుడు ఆట ఆపాలె బిడ్డా. ఇంకో మాట వెయ్యద్దు. కిందికి దిగి పక్కన కూసోవాలె. నేను గా దినం దిగలే.”

“కూసుంటె మాటలు అస్తయా?”

“అస్తయని నేనంటలేను. రాకపోవచ్చు గూడ.”

“మరెందుకు కూసునుడు?”

“అది ఒక్కతె కూసున్నది గద. గందుకు.”

కరీంనగర్ మేడమ్ దగ్గరికి ఇప్పటికీ నెలకు రెండుసార్లు పోతూనే ఉన్నారు. నోటు పుస్తకంలో ఈ నెల గడిలో కూడా సున్నే ఉంది. సింధూజ భయం ఇసుమంతైనా తగ్గలేదు. ఇదే వయసు పిల్లలు బస్సులో గలగలా మాట్లాడుతుంటే ఇప్పటికీ కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది. కానీ సాయంత్రం కోరుట్లలో ఇంటికి చేరాక, కార్డులు తీయబోయే చెయ్యిని ఆపుకుంటోంది. సహస్ర కిటికీ కింద కూర్చుని ఎటు చూస్తుంటే అటు చూస్తూ, ఏమీ అడక్కుండా, దాని పక్కన నేల మీద కూర్చుంటోంది.